దూర సమాచార వ్యవస్థ: విలాసమా? అవసరమా?

మా అమ్మమ్మ ఒక సంగతి తరచు చెబుతూ వుంటుంది. ఆమె చిన్నతనంలో ఊళ్ళోకి తంతి బంట్రోతు వచ్చాడంటే చాలు, అది ఎవరింటికో తెలియకముందే వీధి వీధంతా ప్రాణాలు అరచేత పట్టుకునేదట. సైకిలు ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో, కాగితం విప్పకముందే, ఏడుపులు మొదలయ్యేవట. ఒకసారి అలాగే ఇంటిల్లిపాదీ ఏడ్చి మొత్తుకున్నాక, ఇంగ్లీషు వచ్చిన బడిపంతులుగారు తాపీగా కళ్ళజోడు తుడుచుకుని చదివి, “ఊరుకోండర్రా, మీవాడికి ఉద్యోగం వచ్చింది” అన్నారట.

విని మనం నవ్వుకుంటాం. కాని ఆలోచిస్తే ఇందులో ఒక గంభీరమైన విషయం వుంది. మాటకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకునే ఆ రోజుల్లో, చావు కబురు లాంటిదైతే తప్ప సామాన్యుడు తంతి కొట్టేవాడు కాదు. అంటే కబురు ఖరీదైన వస్తువు. ఈనాడు అదే కబురు గాలిలా, నీరులా చవక. ఆ తంతి సర్వీసు మన దేశంలో 2013 జూలైలో ముగిసిపోయింది కూడా. ఐతే గాలీ నీరూ చవక కనుక వాటి విలువ మనకు తెలియనట్లే, ఈ వసతి విలువా మనకు తెలియడం లేదేమో! దూర సమాచార వ్యవస్థ (అనగా తంతి, టెలిఫోను, సెల్‌ఫోను, ఇంటర్నెట్టు, వీటన్నిటినీ మోసే తీగలు, టవర్లు, ఉపగ్రహాలు) సమాజానికి ఒక విలాసమా, లేక రోడ్డు, కరెంటు, మంచినీళ్ళ వంటి అవసరమా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రెండు తుఫానులు

1977 నవంబరు 19. కృష్ణాజిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. తాటిచెట్టంత ఎత్తున సముద్రం లేచి వచ్చిందని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవారు సుమారు 10 వేల మంది. అంతకన్నా చాలా ఎక్కువేనని ఆ ప్రాంతం వారు నేటికీ అంటారు. తుఫాను వస్తోందన్న హెచ్చరికలు వెలువడ్డాయి. కాని ఆ మాట సముద్రపుటొడ్డున వున్న చివరి గుడిసె దాకా వెళ్ళే దారి ఏదీ? ఊరికో రేడియో వుంటే గొప్ప. టెలిఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉప్పెన వచ్చి వెళ్ళిపోయిన తర్వాత కూడా, తంతి స్తంభాలు కూలి, రోడ్లు తెగి, ఆ సీమలో జరిగిన నష్టం ఎంతో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. చావు కబురు మోయడానికైనా తీగ మిగలలేదన్నమాట.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్నం మీదికి వచ్చింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో వుంది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. నగరంలో నిలిచిన చెట్టు అరుదు. ఐనా మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. దీనికి కారణాలు అనేకం. ఈ మధ్యకాలంలో తుఫాను షెల్టర్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, ముందుగా జనాన్ని తరలించే ఏర్పాటు వచ్చింది. కాని ఈ ఏర్పాట్లన్నిటికీ మూలం ఒక్కటే: సమయానికి అందిన మాట. ఉపగ్రహం తీసిన ఫోటో వాతావరణ శాఖకు, శాఖ మాట కలెక్టరుకు, కలెక్టరు మాట తహసీల్దారుకు, ఆయన మాట పంచాయతీకి, పంచాయతీ మాట జాలరిపల్లెకు గంటల్లో చేరగలగడం. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా షెల్టరు ఖాళీగా వుంటుంది, గుడిసె నిండుగా వుంటుంది.

అయితే హుద్‌హుద్ మరొక పాఠం కూడా చెప్పింది. గాలి ఆగిన మర్నాడు విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. అవి కొన్ని రోజుల పాటు సరిగా పలకలేదు. ఊళ్ళో వున్నవాళ్ళు క్షేమమో కాదో పైవూళ్ళలోని పిల్లలకు తెలియలేదు. ఏటీఎములు పనిచేయలేదు. జేబులో కార్డు వుండీ పాలప్యాకెట్టు కొనుక్కోలేని పరిస్థితి. 1977లో ఫోను లేకపోవడం కష్టం. 2014లో వున్న ఫోను పలకకపోవడం కష్టం. ఈ రెండు కష్టాల మధ్య తేడాయే మన వ్యాసానికి ప్రాణం.

మౌలిక వసతి అంటే ఏమిటి?

ఏ వస్తువును మనం మౌలిక వసతి అనాలి? మూడు గుర్తులు చెప్పుకోవచ్చు. ఒకటి, దాని మీద ఆధారపడి ఇతర పనులు నడవాలి. రోడ్డు తనంతట తాను ధాన్యం పండించదు, కాని రోడ్డు లేకపోతే పండిన ధాన్యం మార్కెట్టుకు చేరదు. రెండు, దాన్ని ఏ ఒక్కరూ తమ కోసం విడిగా కట్టుకోలేరు. ఎంత ధనవంతుడైనా సొంతానికి ఒక టెలిఫోను వ్యవస్థ పెట్టుకుంటే ఎవరితో మాట్లాడతాడు? మూడు, అది బాగున్నంతకాలం కనిపించదు, పాడైనప్పుడే కనిపిస్తుంది. కొళాయిలో నీళ్ళు వస్తున్నప్పుడు పైపుల గురించి ఎవరూ ఆలోచించరు గదా!

ఈ మూడు గుర్తులూ దూర సమాచార వ్యవస్థకు అచ్చంగా సరిపోతాయి. పైగా రెండో గుర్తులో ఒక విచిత్రం వుంది. ఒక రోడ్డు మీద జనం పెరిగితే అందరికీ ఇరుకు. కాని టెలిఫోను వున్నవాళ్ళు పెరిగేకొద్దీ నా టెలిఫోను విలువ పెరుగుతుంది. ఎందుకంటే నేను మాట్లాడగలిగేవాళ్ళు పెరుగుతారు. అందుచేత చిట్టచివరి పల్లెకు ఫోను ఇవ్వడం దయాధర్మం కాదు, పట్నంవాడికి కూడా లాభమే.

తంతి నుంచి సెల్‌ఫోను దాకా

మన దేశంలో మొదటి తంతి లైను 1850లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య వేశారు. దాని వెనుక వున్న విలియం ఓషాగ్నెసీ వృత్తిరీత్యా వైద్యుడు! ఆ తంతిని ఈస్టిండియా కంపెనీ ముందుగా తన పరిపాలన కోసం వాడుకుంది. 1857 తిరుగుబాటు నాడు ఆ తీగలు ఎవరి చేతిలో వుంటే వారికెంత బలమో ఇరుపక్షాలకూ తెలిసొచ్చింది. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇంత దేశంలో వున్న టెలిఫోన్లు సుమారు 80 వేలు మాత్రమే.

ఆ తర్వాత కూడా నడక నెమ్మదే. 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య మొదటిసారిగా ఆపరేటరు సాయం లేకుండా నేరుగా దూరపు ఊరికి ఫోను చేసే పద్ధతి, అంటే ఎస్.టి.డి., వచ్చింది. మిగతా దేశానికి చాలాకాలం ట్రంకు కాలే గతి. కాలు బుక్ చేసి, పనులు మానుకుని, ఫోను పక్కన కూర్చోవాలి. సాయంత్రానికి లైను దొరికితే “హలో, హలో, వినబడుతోందా?” అంటూ వీధి చివరికి వినబడేటట్టు అరవాలి. ఫోను కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూపు. అప్పట్లో పెద్దలు కొందరు, “అన్నంలేని దేశానికి టెలిఫోన్లు ఎందుకు?” అని నిజాయితీగానే ప్రశ్నించారు. టెలిఫోను విలాసమన్నది ఆనాటి అభిప్రాయం.

ఆ అభిప్రాయాన్ని మార్చడానికి ముఖ్యంగా దోహదం చేసింది 1984 ఆగస్టులో ఏర్పడిన సీడాట్ సంస్థ. శాం పిట్రోడా ప్రేరణతో అక్కడి యువ ఇంజనీర్లు మన పల్లెలకు తగిన ఎక్స్ఛేంజీని తయారుచేశారు. విదేశీ ఎక్స్ఛేంజీలు ఏసీ గదుల్లో తప్ప బతకవు. మన పల్లెలో ఏసీ మాట అటుంచి, కరెంటే వచ్చిపోతూ వుండేది. ఎండకు, దుమ్ముకు తట్టుకుని, ఏసీ లేకుండా పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటగా నెలకొల్పారు. ఆ వెనుకనే సందు సందుకూ పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. అందరికీ సొంత ఫోను ఇవ్వలేకపోతే పోయె, అందరికీ నడిచివెళ్ళేంత దూరంలో ఒక ఫోను వుంచవచ్చునన్న ఆలోచన అది. 1995 జూలై 31న మొదటి సెల్‌ఫోను కాలు, అదే ఏడు ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు వచ్చాయి. ఈనాడు దేశంలో కనెక్షన్ల సంఖ్య 110 కోట్లు దాటింది. 80 వేల నుంచి 110 కోట్లు!

ఒక చిన్న లెక్క

ఇప్పుడు కొంచెం లోపలికి వెళ్ళి చూద్దాం. లెక్కలంటే భయపడే మిత్రులు కూడా ఈ లెక్కకు భయపడనక్కర్లేదు.

ఒక ఊళ్ళో 100 ఫోన్లున్నాయనుకోండి. ప్రతి ఫోనునూ మిగతా ప్రతి ఫోనుతో విడిగా తీగ వేసి కలపాలంటే 4,950 తీగలు కావాలి. 1,000 ఫోన్లయితే 4,99,500 తీగలు! అందుకే మధ్యలో ఎక్స్ఛేంజి పెట్టి, ప్రతి ఇంటినుంచి అక్కడికి ఒక్క తీగ వేస్తారు. ఎవరికి ఎవరు కావాలంటే అప్పటికి వాళ్ళిద్దరినీ అక్కడ కలుపుతారు.

ఇక ఈ ఊరి నుంచి పక్క ఊరికి ఎన్ని లైన్లు వేయాలి? అందరూ ఒకేసారి మాట్లాడరు కనుక అందరికీ ఒక్కో లైను అనవసరం. మరి ఎన్ని చాలు? ఈ ప్రశ్నకు కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్కు గణితజ్ఞుడు సమాధానం చెప్పాడు. ఈ విషయం మీద ఆయన మొదటి వ్యాసం 1909లో వచ్చింది. ఆయన పేరిటే రద్దీని కొలిచే ప్రమాణం ఏర్పడింది. గంటలో 20 మంది, ఒక్కొక్కరు 3 నిమిషాలు మాట్లాడదలిస్తే మొత్తం 60 నిమిషాలు. ఇది ఒక ఎర్లాంగ్. గంటకు 60 నిమిషాలే కనుక ఒక్క లైను చాలుననిపిస్తుంది. కాని మనుషులు వరసకట్టి, ఒకరి తర్వాత ఒకరు ఫోను ఎత్తరు కదా! ఎర్లాంగ్ సూత్రం ప్రకారం ఒక్క లైనే వుంటే సగం కాల్స్ తిరిగిపోతాయి. రెండు లైన్లుంటే అయిదింట ఒకటి, మూడుంటే పదహారింట ఒకటి, నాలుగుంటే 65లో ఒకటి, అయిదుంటే 300 పైచిలుకులో ఒకటి తిరిగిపోతుంది. అయిదు లైన్లు వేస్తే ఏ గొడవా లేదన్నమాట.

ఇప్పుడు తుఫాను వచ్చిందనుకోండి. ప్రతివాడూ తనవాళ్ళ క్షేమం కోసం ఫోను ఎత్తుతాడు. రద్దీ అయిదు రెట్లయింది. లైన్లు మాత్రం ఆ అయిదే. అదే సూత్రం వేసి చూస్తే 100 కాల్స్‌లో సుమారు 28 తిరిగిపోతాయి. తిరిగిపోయినవాడు ఊరుకుంటాడా? మళ్ళీ మళ్ళీ చేస్తాడు. దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. తీగ తెగకపోయినా, టవరు కూలకపోయినా, వ్యవస్థ ఊపిరాడక పడిపోతుంది. సెల్‌ఫోను టవరుకు కూడా లెక్క ఇదే. మామూలు రోజుకు సరిపడేట్లు కట్టిన వ్యవస్థ ఆపద రోజున సరిపోదు. ఆపద రోజున సరిపోయేట్లు కడితే మామూలు రోజున దుబారాగా కనిపిస్తుంది. వంతెనకు గాని, కాలువగట్టుకు గాని ఇంజనీరు ఎదుర్కొనే ప్రశ్నే ఇది. మౌలిక వసతి అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఒకదాని మీద ఒకటి

టెలిఫోను మాట్లాడుకోవడానికే అనుకోవడం పొరపాటు. పాతకాలం రైల్వేనే తీసుకోండి. ఒంటి లైను మీద రెండు రైళ్ళు ఎదురెదురుగా రాకుండా కాపాడినది తీగే. ఈ స్టేషనులోని యంత్రం నుంచి బంతిలాంటి టోకెను బయటికి రావాలంటే అవతలి స్టేషను మాస్టరు తన యంత్రం నొక్కి అనుమతించాలి. ఆ టోకెను డ్రైవరు చేతికి అందితేనే బండి కదులుతుంది. ఆ తీగ పనిచేయకపోతే బండి ఆగవలసిందే.

ఈనాడు ఈ ఆధారం వెయ్యింతలైంది. బ్యాంకు, ఆస్పత్రి, రేషను దుకాణంలో వేలిముద్ర, విద్యుత్ కేంద్రాల మధ్య సమన్వయం, ఆఖరుకు కూరగాయల బండి మీద అతికించిన క్యూఆర్ బొమ్మ, అన్నీ దీని మీదే. 2022 జూలై 8న కెనడాలో ఒక పెద్ద టెలికం కంపెనీ వ్యవస్థ, నిర్వహణ పనిలో జరిగిన ఒక పొరపాటు వల్ల, దేశమంతటా ఆగిపోయింది. కోటీ 20 లక్షల పైచిలుకు ఖాతాదారులకు ఫోను, ఇంటర్నెట్టు లేవు. దుకాణాల్లో కార్డు చెల్లింపులు నిలిచాయి. అత్యవసర సహాయానికి ఫోను చేసిన కొందరికి లైను దొరకలేదు. తుఫాను లేదు, భూకంపం లేదు. ఒక్క పొరపాటు చాలింది.

అదే ఏడాది జనవరి 15న పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల దగ్గర అగ్నిపర్వతం పేలింది. సుమారు లక్ష జనాభా వున్న ఆ దేశాన్ని ఫిజీ మీదుగా ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబులు ఒక్కటే. అది తెగింది. అతికించడానికి అయిదు వారాలు పట్టింది. అంతదాకా కొద్దిపాటి ఉపగ్రహ లైన్లే దిక్కు. విదేశాల్లో పనిచేసే బిడ్డలు పంపే డబ్బు మీద బతికే కుటుంబాలు అక్కడ ఎక్కువ. గల్ఫులో బిడ్డలున్న కరీంనగర్, కోనసీమ తల్లులకు ఆ అయిదు వారాల బాధ వేరే చెప్పాలా?

బలహీనత ఎక్కడుంది?

కాబట్టి వ్యవస్థను పెంచడం ఎంత ముఖ్యమో, నిలబెట్టడం అంత ముఖ్యం. ఇందులో మూడు విషయాలు గమనించాలి.

మొదటిది కరెంటు. సెల్‌టవరు గాలికి కూలకపోయినా, కరెంటు పోతే బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది. ఆ తర్వాత డీజిలు జనరేటరు. రోడ్డు మీద చెట్లు పడివుంటే ఆ డీజిలు ఎలా వెళ్ళాలి? విద్యుత్తును బాగుచేసేవాళ్ళకు ఫోను కావాలి, ఫోనుకు విద్యుత్తు కావాలి. ఈ ముడి ముందే విప్పుకోవాలి. పూర్వపు టెలిఫోనుకు ఒక సుగుణం వుండేది. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలే ఇంట్లోని ఫోనుకు కూడా తీగ ద్వారా కరెంటు పంపేవి. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. కొత్తది వచ్చినప్పుడు పాతదానిలోని మంచిని కూడా పారేసుకున్నాం.

రెండవది దారి. ఒకే దారి వుంటే అది తెగిన రోజు అంతా పోయినట్లే. అందుకే కేబుళ్ళను వలయాకారంలో వేస్తారు. ఒక పక్క తెగితే మరో పక్కనుంచి తిరిగి వస్తుంది. దారి ఎక్కడ వేశామన్నది కూడా ముఖ్యమే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ తీగలను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. కాని స్తంభం పడితే కరెంటుతో పాటు ఫైబరూ పడుతుంది. తెలంగాణ టీ ఫైబరుకు మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాలనే వాడుకున్నారు. నేలలో వున్న తీగకు గాలి భయం లేదు, కాని ఎవరో గునపం దింపితే తెగుతుంది. ఏది మంచిదని ఒక్కమాటలో చెప్పలేం. తుఫాను తీరానికి ఒకటి, మెట్ట ప్రాంతానికి ఒకటి తగివుండవచ్చు. స్థలాన్ని బట్టి ఆలోచించడమే ఇంజనీరింగు.

మూడవది, మాట చేరవేసే పద్ధతి. ఆపదలో వెయ్యిమందికి వెయ్యి కాల్స్ చేయడం మూర్ఖత్వం. 1980 దశాబ్దం మధ్య నుంచే ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా తీరంలోని ఎంపిక చేసిన రిసీవర్లకు నేరుగా తుఫాను హెచ్చరిక పంపే ఏర్పాటు మన తీరంలో వుండేది. ఈనాడు సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతి వుంది. టవరు ఒక్కసారి పలికితే దాని పరిధిలోని ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. పదిమంది వున్నా పదివేల మంది వున్నా రద్దీ ఒకటే. దండోరా వేసినట్టన్నమాట. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా సైరను మోగించి అందరినీ ఉలిక్కిపడేట్లు చేసింది ఈ పద్ధతికి జరిపిన పరీక్షే. మనకు తెలియవలసిన చిట్కా కూడా ఒకటుంది. ఆపద రోజున పదేపదే కాల్ చేసే బదులు రెండు ముక్కలు మెసేజి పెట్టాలి. కాలుకు లైను దొరకనప్పుడు కూడా చిన్న మెసేజి సందు చూసుకుని వెళ్ళిపోతుంది. ఆ లైను నిజంగా ఆపదలో వున్నవాడికి మిగులుతుంది.

మన కర్తవ్యం

మౌలిక వసతి అని ఒప్పుకున్న తర్వాత కొన్ని బాధ్యతలు వాటంతట అవే వస్తాయి. నీళ్ళ పైపును కట్టేసే ముందు ప్రభుత్వం ఎంత ఆలోచించాలో, ఇంటర్నెట్టును ఆపే ముందూ అంత ఆలోచించాలి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, గడువు లేకుండా ఇంటర్నెట్టు ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను ప్రజలకు వెల్లడించాలని చెప్పింది. అలాగే ఏజెన్సీ గూడేనికి టవరు వేయడం లాభమా నష్టమా అని కంపెనీ లెక్కతో మాత్రమే చూడరాదు. ఫోనులో సిగ్నలు కోసం చెట్టెక్కి, కొండెక్కి 108కి కబురు చేయవలసిన గర్భిణి కుటుంబానికి 110 కోట్ల కనెక్షన్ల గొప్ప ఏమిటి?

విద్యార్థి మిత్రులారా! మనలో భౌతికశాస్త్రం చదివేవాళ్ళున్నారు, ఎలక్ట్రానిక్సు చదివేవాళ్ళున్నారు, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివేవాళ్ళున్నారు. ఈ వ్యవస్థకు మనందరి అవసరం వుంది. తీగను గట్టిగా వేసేవాడు ఒకడైతే, దాని ఖర్చు న్యాయంగా పంచేవాడు ఒకడు, దాన్ని అన్యాయంగా తెంచకుండా కాపాడేవాడు ఇంకొకడు. ప్రస్తుతానికి ఆ పని ఏదీ చేయలేకపోయినా, ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న వేసి రండి. “తుఫాను వస్తోందని మన ఊళ్ళో చివరి ఇంటికి ఎవరు, ఎలా చెబుతారు? కరెంటు పోతే ఎలా చెబుతారు?” జవాబు దొరికితే సంతోషం. దొరకకపోతే మన చదువు ఎక్కడ అవసరమో తెలిసినట్టే.

దివిసీమలో ఆనాడు ప్రాణాలు కోల్పోయినవాళ్ళకు కావలసింది సినిమాలు చూసే ఫోను కాదు. “లేవండి, మెరక మీదికి వెళ్ళిపొండి” అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట సమయానికి, అందరికీ, ఎప్పుడూ చేరేట్లు చూసుకోవడానికే ఈ తీగలూ, టవర్లూ, ఉపగ్రహాలూ. అందుచేత దూర సమాచార వ్యవస్థ విలాసం కానే కాదు, అవసరాలన్నిటిలోకీ ముందు వరసలో వుండే అవసరం అనడంలో సందేహం లేదు.